మైకు సాయిబుగారి అబ్బాయి

నాకొక వ్యసనమున్నది. పేకాట కాదు, పొగాకు కాదు. సాయంకాలం దీపాలు పెట్టిన తరువాత ఏ వీధి మలుపునుండి హార్మోనియం శ్రుతి వినవచ్చినా, తబలా అంచుమీద చిన్న సుత్తి దెబ్బలు వినవచ్చినా నా కాళ్లు ఇంటివైపు నడవవు. మరునాడు తొలి గంటలో నన్నయగారి ప్రసన్నకథాకలితార్థయుక్తిని వివరించవలసి యున్నదని బుద్ధి హెచ్చరిస్తూనే ఉంటుంది, కాళ్లు వినవు. గుంటూరు శ్రీ వేంకటేశ్వర విజ్ఞానమందిరంలో నాటిక ఉన్నదన్నా, విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పాటకచేరి ఉన్నదన్నా చివరి బస్సు వేళ విచారించుకొని బయలుదేరుతాను. ఆ చివరి బస్సు కూడా తప్పిపోయి బస్టాండు బెంచీమీద తెల్లవార్చిన రాత్రులు నాలుగైదు ఉన్నవి. వాటిలో ఒకటి మన పరీక్షల దినాలలో జరిగినది. ప్రిన్సిపాలుగారు ఈ వాక్యం చూడకుందురు గాక.

ఈ వ్యసనం నాకు పుస్తకాలవల్ల అబ్బినది కాదు, వారసత్వంగా వచ్చినది. మా అబ్బా మైకుసెట్టు అద్దెకిచ్చేవారు. (తెలుగువారికి ఆశ్చర్యార్థకమైన మాట మా యింట్లో తండ్రికి పేరు. వాచకంలో ఎవరైనా ‘అబ్బా!’ అని ఆశ్చర్యపడితే, పాపం, తండ్రిని పిలుస్తున్నాడనుకొనేవాణ్ణి.) తెనాలి చుట్టుపక్కల పల్లెలలో ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. ‘మైకు సాయిబుగారు’ అంటే చిన్నపిల్లవాడు కూడా మా యింటికి దారి చూపేవాడు. ఒక అహూజా ఆంప్లిఫయరు, నాలుగు హారన్లు, రెండు మైకులు, ఒక క్యాసెట్టు ప్లేయరు, ఒక కారు బ్యాటరీ, తీగ చుట్టలు, వీటినన్నిటినీ మోసే ఒక తొక్కుడు రిక్షా మా ఆస్తి. సెలవు దినాలలో ఆ తీగ చుట్టలమీద కూర్చొని నేను కూడా వెళ్లేవాణ్ణి. శ్రీరామనవమి పందిళ్లు, వినాయకచవితి, క్రిస్మస్ ఆరాధన, దర్గా ఉరుసులో ఖవ్వాలి, ఎన్నికల సభ, ఏదైనా సరే అబ్బా ముందుగా మైకు దగ్గర నిలబడి ‘హలో, హలో, ఒకటి, రెండు, మూడు’ అనవలసినదే. ఆయన వేదికమీద పలికిన సంభాషణ జీవితమంతా అంతే.

ఒకసారి మసీదు పెద్దలలో ఒకరు అబ్బాను నిలదీసి, ‘భాయ్, నాటకాలకు మైకు పెట్టడం మనకు తగునా?’ అన్నారట. అబ్బా వినయంగా, ‘తగదేమో హజ్రత్. కాని కిందటి వారం కురుక్షేత్రం ఆడిన రాత్రి మీరు తడిక వెనుక నిలబడి విన్నారు గదా, అక్కడికి చివరిదాకా సరిగా వినబడినదా?’ అని అడిగారట. ఆ పెద్దమనిషి మరల ఆ ప్రస్తావన తేలేదు. తడిక వెనుకకు రావడం కూడా మానలేదు.

పద్యనాటకం ఎట్లా నడుస్తుందో నేటి విద్యార్థులలో చాలామందికి తెలియకపోవచ్చును. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి సత్యహరిశ్చంద్ర వేస్తున్నారంటే హరిశ్చంద్రుడు ఒక్కడే రాడు. అడవిసీనుకు ఒకరు, కాశీలో భార్యను అమ్మే సీనుకు మరొకరు, కాటిసీనుకు ఇంకొకరు వస్తారు. ఒకే రాజు మూడు గొంతుకలతో, మూడు ఎత్తులతో దర్శనమిస్తాడు. ప్రేక్షకులకు అందులో వింత ఏమీ లేదు. కాంట్రాక్టరు ఒక్కొక్క నటుణ్ణి ఒక్కొక్క ఊరినుండి పిలుస్తాడు. రిహార్సలు అనే మాట లేకుండా వారు ఆ రాత్రి మేకప్పు వేసికొనేచోటనే ఒకరినొకరు పలకరించుకొంటారు. అందరినీ కలిపి కుట్టే దారం హార్మోనిస్టు ఒక్కడే. ఎవరి శ్రుతి ఎంతో, ఎవరు ఏ రాగంలో ఎంతసేపు విహరిస్తారో, ఎవరికి ఎక్కడ ఊపిరి చాలదో అతనికి తెలుసు. పద్యం నచ్చితే జనం ‘వన్స్‌మోర్’ అంటారు. అప్పుడు రాజు తన దుఃఖాన్ని మధ్యలో ఆపి, దండం పెట్టి, ఆ పద్యమే మళ్లీ ఎత్తుకోవాలి.

కాటిసీనులో ఇంకొక విశేషమున్నది. నాటకకర్త వ్రాసిన పద్యాలతో పాటు జాషువాగారి ‘శ్మశానవాటి’ పద్యాలు కూడా నటులు పాడుతారు. అవి నాటకంలోనివి కావని ఎం.ఏ. చదివేదాకా నాకు తెలియదు. వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి పద్యాలను కాశీ శ్మశానంలో హరిశ్చంద్రుడు పాడుతూ ఉంటే, అవి మా అబ్బా హారన్లలోనుండి పొలాలు దాటి పక్క ఊరికి వినబడుతూ ఉండేవి. ఎవరూ ఎవరినీ నీవెవరవని అడిగినట్లు నాకు జ్ఞాపకం లేదు.

1999 సంవత్సరం, శ్రీరామనవమి పందిళ్ల రోజులు. నాకు పదేళ్లు. ఒక పల్లెలో హరిశ్చంద్ర ఆడుతున్నారు. రాత్రి రెండు దాటినది. నేను ఆంప్లిఫయరు పక్కన గోనెపట్టామీద పడుకొని ఉన్నాను. కాటిసీను హరిశ్చంద్రుడు అరవై దాటిన వృద్ధుడు. నల్లకంబళి భుజాన వేసికొని వచ్చి, మైకు ముందు నిలబడి పద్యం ఎత్తుకొన్నాడు. రెండవ పాదంలో కరెంటు పోయినది.

కరెంటు పోవడం ఆ రోజులలో కొత్త కాదు. ఆంప్లిఫయరు వెనుక బ్యాటరీ తీగలు తగిలించే చోటు ఉంటుంది. అబ్బా ఆ పని చీకటిలో తడుముకోకుండా క్షణంలో చేసేవారు. ఆ రాత్రి కూడా తీగల కొసలు చేతిలోనికి తీసికొన్నారు. వేదికమీద వృద్ధుడు ఆగలేదు. మైకును వదలి, రెండడుగులు ముందుకు వేసి, వేదిక అంచుకు వచ్చాడు. ఎవరో పెట్రోమాక్సు లైటు ఎత్తి పట్టుకొన్నారు. తబలా ఆగిపోయినది. అప్పటివరకు హారన్ల రొదలో నేను వినని గొంతు ఒకటి వినబడినది. అందులో జీర ఉన్నది. ఒకచోట ఊపిరి చాలక తెగినది. తెగినచోట హార్మోనియం ఆ స్వరాన్నే పట్టుకొని నిలబడినది, ఆయన ఊపిరి తీసికొని తిరిగి వచ్చేదాకా. వెనుక బీడీలు కాలుస్తూ కూర్చొన్నవారు లేచి ముందుకు వచ్చారు.

నేను అబ్బా చొక్కా లాగి, ‘అబ్బా, బ్యాటరీ!’ అన్నాను. ఆయన తీగల కొసలు రెండు చేతులా పట్టుకొని అట్లాగే కూర్చొని ఉన్నారు. ‘ఆగు బేటా’ అన్నారు. ఆ పద్యం పూర్తి అయినది. ఇంకొకటి, మరొకటి, మూడు పద్యాలు పూర్తి అయిన తరువాత గాని ఆయన తీగలు తగిలించలేదు.

తెల్లవారి లెక్క చూచుకొనేటప్పుడు పందిరి కమిటీవారు రెండు వందలకు నూటయాభై ఇచ్చారు. బ్యాటరీ ఉండి కూడా మైకు నడపలేదని యాభై తగ్గించారు. వారిది తప్పని నేననలేను. మైకుకు డబ్బు ఇచ్చేది మైకు మ్రోగడానికే కదా. అబ్బా మారు మాటాడలేదు. రిక్షా తొక్కుతూ దారి పొడుగునా ఆ పద్యం బాణీ కూనిరాగం తీస్తూనే ఉన్నారు. ఆ యాభై రూపాయలు మాత్రం మా అమ్మీ నోట చాలా ఏండ్లు నిలిచి ఉన్నవి.

మైకువల్ల నాటకానికి మేలూ జరిగినది, కీడూ జరిగినది. పద్యం పక్క ఊరిదాకా చేరినది. కాని నటుడు మైకు స్తంభానికి కట్టివేసిన మనిషి అయినాడు. చంద్రమతి ఏడవాలన్నా మైకు దగ్గరికి వచ్చి ఏడవవలసినదే. పైగా ఆ హారన్లలో మంద్రస్వరం సరిగా పలకదు. ఎంతటి గంభీరమైన కంఠమైనా రేకుడబ్బాలో మాటాడినట్లు ఉంటుంది. ఈ సంగతులు అబ్బాకు ఏ రంగస్థల విమర్శకుడూ చెప్పవలసిన అవసరం లేకపోయినది.

ఆ తరువాత కాలం మారినది. 2000 సంవత్సరంలో శబ్దకాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చినవి. 2005 జూలైలో సుప్రీంకోర్టు రాత్రి పది తరువాత బయట మైకు మ్రోగకూడదన్న సంగతిని గట్టిగా చెప్పినది. రోగులకు, పరీక్షలకు చదువుకొనే పిల్లలకు అది మేలే; నేను కాదనను. కాని తెల్లవార్లూ సాగే నాటకానికి అది చివరి తెర అయినది. హరిశ్చంద్రుడు అడవికి వెళ్లేసరికే పది అవుతుంది గదా! నాటకం రెండు మూడు గంటలకు కుదించుకొన్నది. ముగ్గురు హరిశ్చంద్రులలో ఇద్దరికి పని పోయినది. మైకు సాయిబుగారికి కూడా పోయినది. పెద్ద పెద్ద సౌండు బాక్సులు వచ్చిన తరువాత ఆ హారన్లు అడిగేవారు లేరు. అబ్బా వాటిని పాత ఇనుము కొట్టుకు తూకానికి వేసి, ఆంప్లిఫయరు మాత్రం ఉంచుకొన్నారు. తరువాత మరొకరి సౌండు సర్వీసులో రోజుకూలికి చేరారు.

ఇక్కడ నేను చెప్పుకోవలసినది ఒకటి ఉన్నది. ఇంతవరకు ఎవరితోనూ చెప్పలేదు.

2011లో నేను నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాను. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో పుట్టిన నాటినుండి పరిషత్తు నాటకాలంటే మా ప్రాంతానికి పెట్టినది పేరు. ఒక ఊరిలో నాటిక పోటీలు జరుగుతుంటే సహాధ్యాయులతో కలిసి వెళ్లాను. ఆ రాత్రి మూడు నాటికలు చూచాము. ఇబ్సెను, గురజాడ అంటూ ఎడతెగని చర్చ చేసికొంటూ వేదిక పక్కనుండి బయటికి వస్తున్నాము. అక్కడ నేలమీద కూర్చొని అబ్బా తీగ చుడుతున్నారు. ఆయన అక్కడ ఉంటారని నాకు తెలియదు. నన్ను చూచి లేచి నిలబడి, ‘భోజనం చేశావా?’ అని అడిగారు. మిత్రుడొకడు, ‘ఎవరు?’ అన్నాడు.

‘మా ఊరివారు’ అన్నాను.

అబద్ధం కాదు. ఆయన మా ఊరివారే. అబ్బా ఆ మాట విన్నారు. విన్నట్లు కనబడలేదు. ‘చివరి బస్సు తప్పిపోతుంది, వెళ్లండి బాబూ’ అన్నారు, ఊరివారు అన్నట్లుగానే. తిరిగి కూర్చొని తీగ చుట్టుకోసాగారు. ఆ తరువాత ఆయన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను నాలుగేండ్లు ఏ నాటకానికీ వెళ్లలేదు. చదువు, ఉద్యోగ ప్రయత్నం అని కారణాలు చెప్పుకొన్నాను.

తిరిగి నన్ను ఈ దారికి తెచ్చినది ఘంటసాల. మా ఆంగ్ల శాఖ మిత్రులొకరు ఒకనాడు స్టాఫ్‌రూములో ఒక వింత చెప్పారు. పాశ్చాత్య దేశాలలో ప్రసిద్ధ గాయకబృందాల పాటలను అచ్చంగా వారివలెనే పాడి, వారివలెనే దుస్తులు ధరించే బృందాలుంటాయట. వాటిని ట్రిబ్యూట్ బ్యాండులంటారట. 1974లో యూరోవిజన్ పోటీలో గెలిచిన ఒక స్వీడన్ బృందం పాటలను పాడడానికి 1988లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నులో ‘బ్యోర్న్ ఎగెయిన్’ అనే బృందం పుట్టినదట. ‘ఆ స్వీడన్ బృందం పేరేమి?’ అన్నాను. ‘అబ్బా’ అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకో వారికి చెప్పలేదు. మనకిది వింత కాదన్నాను. ఆ 1974లోనే, ఫిబ్రవరి 11న ఘంటసాలగారు పోయారు. నాటినుండి ప్రతి ఫిబ్రవరి 11కు, ఆయన పుట్టిన డిసెంబరు 4కు మన ఊళ్లలో ఆయన పాటలు పాడని చోటు ఉన్నదా? జూలై 31 వస్తే రఫీ సాహెబుకు ఇదే మర్యాద. రఫీ తెలుగులో పాడారంటే మన ఉర్దూ శాఖవారు నమ్మరు గాని, 1969 నాటి ‘భలే తమ్ముడు’లో రామారావుగారికి పాడినది ఆయనే.

ఈ ఆరాధన సభలను అనుకరణ అని తీసివేసే పండితులున్నారు. నేనూ ఒకప్పుడు వారిలో ఉన్నాను. అసలైన గొంతు ఫోనులోనే దొరుకుతుండగా నకలు వినడానికి పది మైళ్లు పోవడమెందుకన్న ప్రశ్న న్యాయమైనదే. నా దగ్గర సిద్ధాంతమేమీ లేదు. బ్యాంకులోనో, ఆర్టీసీలోనో ముప్ఫై ఏండ్లు పనిచేసి, ఇస్త్రీ చొక్కా తొడుగుకొని, మెడలో మఫ్లరు చుట్టుకొని వచ్చే ఆ మనిషి పైషడ్జం అందుకోబోయే ముందు ఒక్క క్షణం కళ్లు మూసికొంటాడు. అందుతుందో లేదో అతనికి తెలియదు, మనకూ తెలియదు. సభ అంతా అతనితో పాటు ఊపిరి బిగపట్టుకొంటుంది. ఫోనులోని ఘంటసాలగారికి స్వరం ఎప్పుడూ అందుతూనే ఉంటుంది.

2024 ఫిబ్రవరిలో అటువంటి సభకు అబ్బాను వెంటబెట్టుకొని వెళ్లాను. హారన్ల పక్కన గడచిన జీవితం ఆయన చెవులను సగం తినివేసినది. ముందు వరుసలో కూర్చోబెట్టాను. మొదటి భాగంలో వాద్యకారులు ఐదుగురున్నారు. ఒక పెద్దాయన ‘పుష్పవిలాపం’ అందుకొన్నారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో తెలుగు చెప్పిన కరుణశ్రీగారి పద్యాలవి. మన వృత్తివాడు వ్రాసినవని నాకు కొంచెం గర్వం. అబ్బా చెయ్యి చెవికి ఆనించుకొని విన్నారు.

రెండవ భాగానికి వాద్యకారులు వెళ్లిపోయారు. వారికి అంతవరకే ఏర్పాటట. పాటలన్నీ ట్రాకులమీద నడిచినవి. ఒక యువకుడు చక్కని కంఠంతో పాడుతూ చరణంలో ఒక మాట మరచాడు. ఎవరికైనా జరిగేదే. కాని ట్రాకు సాగిపోయినది. వేణువు వచ్చినది, వయొలిన్లు వచ్చినవి. కదిలిపోయిన బస్సు వెనుక పరుగెత్తేవానివలె ఆ కుర్రవాడు దానివెంట పరుగెత్తాడు. మనవారు మంచివారు, చప్పట్లు కొట్టారు. అబ్బా నా వైపు వంగి, తనకు వినబడేంత గట్టిగా, అంటే సభ అంతటికీ వినబడేంత గట్టిగా అడిగారు:

‘అతనికోసం హార్మోనియం ఎందుకు ఆగలేదు?’

‘హార్మోనియం లేదు అబ్బా. పెన్‌డ్రైవు.’

తిరుగు బస్సులో చాలాసేపు మాటాడలేదు. తరువాత, ‘ఆ ముసలాయన ఊపిరి తీసికొనేదాకా హార్మోనియం పట్టుకొన్నది. నీకు జ్ఞాపకమున్నదా? నీవు చిన్నవాడివి’ అన్నారు. ఉన్నదన్నాను. ఆ పరిషత్తు రాత్రి సంగతి ఎత్తుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చినది. బస్సు చప్పుడులో ఆయనకు వినబడదు. గట్టిగా చెప్పవలసిన మాట కాదది.

ఇప్పుడు కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఈ సంవత్సరం వార్షికోత్సవాన్ని గురించిన సమావేశంలో, వాద్యకారుల ఖర్చు దండుగ, పాటలు ట్రాకులమీద పాడించవచ్చును, నాటకానికి రిహార్సలు పేరుతో తరగతులు పాడవుతవి గనుక దానిని తీసివేసి తెరమీద వీడియో చూపవచ్చునని నిర్ణయమైనది. చెప్పినవారు కళాశాల మేలు కోరేవారే. వారి లెక్కలో తప్పు లేదు. ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. చివరి కుర్చీలో కూర్చొని, టీ త్రాగి, సంతకం పెట్టి వచ్చాను. ఎవరైనా నన్ను ‘నీ అభిప్రాయమేమి?’ అని అడిగి ఉంటే ‘మా ఊరివారు’ అన్నంత సులువుగా ‘అట్లాగే కానివ్వండి’ అని ఉండేవాణ్ణి. అడగలేదు.

మన బి.కాం. విద్యార్థి ఒకడు దర్గాలో గురువారం రాత్రులు ఖవ్వాలి బృందంతో ఢోలక్ వాయిస్తాడు. నేను స్వయంగా విన్నాను. వాని చేతులలో లయ ఉన్నది. తరగతిలో ఆ సంగతి దాస్తాడు. ఎందుకు దాస్తాడో నాకు తెలుసు. బి.ఏ. రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకతె పద్యం పాడుతుంది. కంఠం సన్నం, శ్రుతి మాత్రం చెదరదు. నాటకానికి సమయం పట్టుతుందన్న మాట నిజమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభివారు తరతరాలుగా ఇంటిల్లిపాదీ ఆ పనిమీదనే ఉన్నారు. హైదరాబాదులో వారి మాయాబజార్ నాటకాన్ని పక్క వరుసలో కూర్చొని చూచాను. తెర చాటున తాళ్లు లాగేవారు కూడా వేదికమీది మాటలకు పెదవులు కదుపుతున్నారు. మన పిల్లలను ఒక్కసారి ఆ పక్క వరుసలో కూర్చోబెట్టాలని నా కోరిక. దానికీ కమిటీవారే బస్సు చార్జీలు ఇప్పించాలి.

ఈ సంచిక మీ చేతికి వచ్చేనాటికి వార్షికోత్సవం జరిగిపోయి ఉండవచ్చును. అయినను వ్రాస్తున్నాను.

సమావేశం ముగిసిన మరునాడు గ్రంథాలయం పక్క గదిలో పాత బీరువా తెరిపించాను. అందులో కళాశాల హార్మోనియం ఉన్నది. తిత్తిని ఎలుకలు కొరికినవి. మెట్లు కొన్ని నొక్కితే పైకి లేవవు. గుమాస్తాగారి పుస్తకంలో సంతకం చేసి దానిని ఆటోలో మా యింటికి తెచ్చాను. అబ్బాకు చూపించాను. ఆయన మైకులు బాగుచేసిన మనిషి, హార్మోనియం బాగుచేయడం ఆయన పని కాదు. ఆ మాట ఆయనే అన్నారు. అని, వరండాలో పాత వార్తాపత్రిక పరచి, కళ్లద్దాలు తుడుచుకొని, మరలు ఒక్కొక్కటిగా విప్పి వరుసగా పెట్టసాగారు. ఢోలక్ కుర్రవాణ్ణి ఆదివారం రమ్మన్నాను. వచ్చినాడు. గుమ్మంలో నిలబడి, ‘ఈయన ఎవరు సార్?’ అని మెల్లగా అడిగాడు.

‘మా అబ్బా’ అన్నాను. ‘గట్టిగా మాటాడు. ఆయనకు సరిగా వినబడదు.’

తిత్తికి కొత్త తోలు అతికించినారు. రెండు స్వరాలు ఇంకా పలకడం లేదు. వాటికి రీడ్లు తెనాలినుండి రావాలి.